మన ఫొటోలు దాచే మబ్బు



సెల్‌ఫోన్‌లో మనవరాలి ఫొటో తీస్తాం. దుబాయిలో ఉన్న కొడుక్కి పంపుతాం. రేషన్ షాపులో వేలు పెడతాం. మన పేరు వస్తుంది. సంఘం కిస్తీ కట్టామో లేదో బ్యాంకులో వెంటనే చెబుతారు. ఈ ఫొటోలు, ఈ లెక్కలు ఎక్కడ ఉంటాయి?

"క్లౌడ్‌లో" అంటారు మన పిల్లలు. క్లౌడ్ అంటే మబ్బు. కాని అది ఆకాశంలో లేదు. భూమి మీదనే ఉంది. పెద్ద పెద్ద షెడ్లలో, వరసగా పేర్చిన కంప్యూటర్లలో ఉంది. ఆ షెడ్డునే డేటా సెంటర్ అంటారు.

మనకు దగ్గర్లోనే

అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాద్ చుట్టుపక్కల తన డేటా సెంటర్లు మొదలుపెట్టింది. రంగారెడ్డి జిల్లా చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేటల్లో అవి ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడ డేటా సెంటర్లు పెడుతున్నట్టు 2022 మార్చిలో చెప్పింది. మన కందిలోని ఐఐటిలో 'పరమ్ సేవ' అనే సూపర్ కంప్యూటర్ ఉంది. ఇది కూడా పగలూ రాత్రీ కరెంటుతో నడిచేదే.

కరెంటు ఎందుకంత కావాలి?

ఫోన్‌లో చాలాసేపు మాట్లాడితే చెవికి వేడి తగులుతుంది కదా. వేల కంప్యూటర్లు ఒకచోట నడిస్తే ఎంత వేడి పుడుతుంది? చల్లబరచకపోతే అవి ఆగిపోతాయి. అందుకే అక్కడ కరెంటు రెండు పనులకు ఖర్చవుతుంది. ఒకటి కంప్యూటర్లు నడపడానికి. రెండు వాటిని చల్లబరచడానికి.

2024లో ప్రపంచమంతా వాడిన ప్రతి 100 యూనిట్ల కరెంటులో ఒకటిన్నర యూనిట్లు డేటా సెంటర్లకే పోయాయి. 2030 నాటికి ఈ వాడకం రెండింతలు దాటవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా వేసింది.

పొగ ఎక్కడ?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల సంగతి మనకు తెలుసు. వాటి మురికి నీళ్లు నక్కవాగులో కలిశాయి. పొలాలు పాడయ్యాయి. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ మురికి కళ్లకు కనబడేది. ముక్కుకు వాసన వచ్చేది.

డేటా సెంటర్ దగ్గర అలాంటి మురికి కనబడదు. గోడలు తెల్లగా ఉంటాయి. కాని దాని పొగ వేరేచోట లేస్తుంది. మన కరెంటులో ఎక్కువ భాగం రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసేదే. ఒక్క యూనిట్ కరెంటు కోసం అరకిలోకు పైగా బొగ్గు కాలుతుంది. గాలిలోని ప్రాణవాయువు కూడా కలుస్తుంది కనుక, దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. అది భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలు ముదురుతాయి. వానలు లెక్క తప్పుతాయి.

అలికిన ఇంట్లో తడి కాలితో నడిస్తే అడుగు గుర్తు పడుతుంది. మనం చేసే ప్రతి పనికీ గాలిలో అలాంటి గుర్తు పడుతుంది. దాన్నే కర్బన పాదముద్ర అంటారు.

తగ్గించే దారులు

ఒకటి: చల్లబరచే పద్ధతి మార్చడం. వేడి గిన్నెకు విసనకర్రతో విసిరితే ఆలస్యంగా చల్లారుతుంది. నీళ్ల తొట్టిలో పెడితే తొందరగా చల్లారుతుంది. అలాగే కంప్యూటర్ పక్కనుంచే సన్న గొట్టాల్లో నీళ్లు పంపుతారు. మన దేశపు పరమ్ కంప్యూటర్లు కొన్నింటిలో ఈ పద్ధతి ఉంది. కరెంటు బాగా మిగులుతుంది.

రెండు: ఖాళీగా తిరిగే కంప్యూటర్లను ఆపడం. సగం ఖాళీగా నాలుగు బస్సులు నడపడం కంటే, నిండుగా రెండు నడపడం మేలు కదా. ఒకే కంప్యూటర్ మీద చాలా పనులు వేస్తే మిగతావి ఆపవచ్చు.

మూడు: ఎండతో, గాలితో తీసిన కరెంటు వాడడం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంపెనీలు ఏడాది మొత్తం లెక్క చూసి "మాది సోలార్ కరెంటే" అంటాయి. కాని రాత్రి ఎండ ఉండదు. అప్పుడు నడిచేది చాలావరకు బొగ్గు కరెంటే. కరెంటు దాచే పెద్ద బ్యాటరీలు ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. తొందర లేని పనులు పగటిపూటకు మార్చినా లాభమే.

నాలుగు: నీళ్లు కాపాడడం. కొన్ని డేటా సెంటర్లు కూలర్ లాగా నీళ్లను ఆవిరి చేసి చల్లబడతాయి. దానికి తాగే నీళ్లు వాడకూడదు. శుద్ధి చేసిన మురుగు నీళ్లు వాడవచ్చు. మంజీర నీళ్ల విలువ బిందెలతో ట్యాంకరు కోసం నిలబడ్డ మనకు ఒకరు చెప్పాలా?

మాట ఇస్తే చాలదు

2030 నాటికి తాను వదిలేదానికంటే ఎక్కువ కర్బనం వెనక్కి తీస్తానని మైక్రోసాఫ్ట్ 2020లో మాట ఇచ్చింది. కాని ఆ కంపెనీయే 2024లో చెప్పిన లెక్క ప్రకారం, 2020 కంటే 29 శాతం పెరిగింది. కొత్త డేటా సెంటర్లు కట్టడానికి వాడే సిమెంటు, ఉక్కు, కంప్యూటర్ భాగాలు దీనికి ముఖ్య కారణం. కాబట్టి మాటతో పాటు లెక్క కూడా అడగాలి.

మనం ఏం చేయగలం?

అక్కరలేని వీడియోలు తీసేయవచ్చు. మంచిదే. కాని అది చిన్న పని. పెద్ద భారం కంపెనీలది, ప్రభుత్వానిది. మన పని అడగడం. ఊళ్లోకి డేటా సెంటర్ వస్తుంటే గ్రామసభలో మూడు మాటలు అడగాలి. కరెంటు ఎక్కడిది? నీళ్లు ఎక్కడివి? మా పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు? ప్రభుత్వ ఆఫీసులో ఉన్న కాగితాల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. అర్జీ రాయడం ఇప్పుడు మనకు వచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో తలపెట్టింది. కరెంటు వాడేవాళ్లమే కాదు, రేపు కరెంటు తీసేవాళ్లం కూడా మనమే కావచ్చు.

చర్చించండి

1. మీ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుంది? బిల్లు చూసి చదవండి.
2. దాంట్లో ఒక్కో యూనిట్‌కు అరకిలో బొగ్గు చొప్పున లెక్క కట్టండి.
3. మీ ఊరికి తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి?

కొత్త మాటలు

డేటా సెంటర్: సమాచారం దాచే కంప్యూటర్ల షెడ్డు
క్లౌడ్: దూరంగా ఉన్న ఆ కంప్యూటర్లను మన ఫోన్‌తో వాడుకోవడం
కర్బన పాదముద్ర: మన పనుల వల్ల గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు లెక్క