అయిదక్షరాల ఇంగ్లీషులో మన కళ్లం మాటలు

ధాన్యం అమ్మినచోట రైతు చేతికి వచ్చే చీటీలో ఇంగ్లీషు కనబడితే చాలామంది దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారు. చదివించుకోవాలంటే పక్కవాడి మొహం చూడాలి. అయితే ఇటువంటి చీటీల్లో మనకు పనికివచ్చే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్యాడీ, గ్రేడ్, గన్నీ, ప్రైస్, టోటల్. ఇంగ్లీషు అక్షరాల లెక్కన చూస్తే ఇవన్నీ సరిగ్గా అయిదేసి అక్షరాల మాటలు.

ప్యాడీ అంటే వడ్లు. పి, ఏ, డి, డి, వై. గన్నీ అంటే గోనె. జి, యు, ఎన్, ఎన్, వై. ప్రైస్ ధర, టోటల్ మొత్తం. ఇక గ్రేడ్ అంటే రకం. జి, ఆర్, ఏ, డి, ఈ. ఈ ఒక్క మాట చదవడం వస్తే ఏమి లాభమో చూడండి. 2024–25 ఖరీఫ్‌కు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2,320. తేడా ఇరవై రూపాయలే గదా అనిపిస్తుంది. 50 క్వింటాళ్లు తోలిన రైతుకు అది వెయ్యి రూపాయలు. గ్రేడ్ అన్నచోట ఏమి రాశారో అక్కడికక్కడే చూసుకొన్న రైతు అప్పుడే అడగగలడు. ఇంటికి వచ్చి కొడుకుచేత చదివించుకొన్నవాడు మళ్లీ తిరగాలి.

ఆ కొడుక్కైనా ఇంగ్లీషంటే ధైర్యం ఉన్నదా అంటే అదీ అంతంతమాత్రమే. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, మళ్లీ పరీక్షకు కట్టక పనిలోకి పోయిన పిల్లలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. అది దొరల భాష, మన నోటికి రాదు అన్న భయం వారికి చిన్ననాటి నుంచే పట్టుకుంటుంది. నిజానికి ఆ దొరలు మన పెరట్లోంచి, మన సంతలోంచి పట్టుకుపోయిన మాటలు వారి నిఘంటువుల్లో ఎన్నో ఉన్నాయి.

వై అక్షరంతో ముగిసేవి

గన్నీ మన గోనెకు చుట్టమే. హిందీ, మరాఠీలలోని గోణీ నుంచి ఇంగ్లీషులోకి పోయింది. సంస్కృతంలోనూ అది గోణి. టాడీ అంటే కల్లు. టి, ఓ, డి, డి, వై. హిందీలో తాటికల్లును తాడీ అంటారు, దాన్నే ఇంగ్లీషువారు ఇలా రాసుకొన్నారు. తాడిచెట్టు ఎక్కేవానికి ఈ మాట విడమరచి చెప్ప పనిలేదు. స్కాట్లండులో మాత్రం వేడినీళ్లు కలిపిన విస్కీకి ఆ పేరు పెట్టుకొన్నారు. కర్రీ తమిళుల కరి. సి, యు, ఆర్, ఆర్, వై. క్యాండీ సంస్కృతంలోని ఖండ. సి, ఏ, ఎన్, డి, వై. అది పారశీకం, అరబ్బీ, ఫ్రెంచి భాషలు తిరిగి ఇంగ్లీషు చేరింది. మన కండచక్కెరలోని కండ అదే. పత్తి వ్యాపారులు ధర చెప్పే క్యాండీ వేరు, అది 356 కిలోల దూది. స్పెల్లింగు మాత్రం ఒకటే.

వీటిలో ప్యాడీ ఒక్కటి మన దేశపుది కాదు. మలయా భాషలో వరిని పాది అంటారు. మన వరికి ఇంగ్లీషువారు సముద్రం అవతలి నుంచి పేరు తెచ్చారన్నమాట.

పిల్లలు తరచు తప్పేది ఆ జంట అక్షరాల దగ్గరే. వాటికీ ఒక పద్ధతి ఉన్నది. ముందున్న అచ్చును పొట్టిగా పలకాలంటే తరువాతి హల్లును రెండుసార్లు రాస్తారు. లేడీ అన్న మాటలో డి ఒక్కటే, అందుకే లే అని సాగుతుంది. ప్యాడీలో డి రెండు, అందుకే సాగదు. బాడీ వంటి ఎదురుతిరిగే మాటలూ లేకపోలేదు. అయినా ఈ పద్ధతి తెలిస్తే సగం తప్పులు తగ్గుతాయి.

ఓడ ఆగిన రేవు

మామిడిపండును మ్యాంగో అంటారు గాని, మన మామిడి అందులో లేదు. 1498లో పోర్చుగీసువారి ఓడలు మలబారు తీరాన కోజికోడ్‌కు చేరాయి. ఏ రేవులో సరుకు కొన్నారో ఆ రేవు మాటే ఓడ ఎక్కింది. కేరళవారి మాంగ మ్యాంగో అయింది, వెట్టిల బీటిల్ అయింది, అంటే తమలపాకు. వారి అడయ్క అరికా అయింది, అంటే పోక. కొప్పర కొప్రా అయింది. ఎండుకొబ్బరికి మద్దతు ధర ప్రకటించినప్పుడు వార్తల్లో వచ్చే కొప్రా ఇదే. నాలుగూ అయిదక్షరాల మాటలే.

మచిలీపట్నంలో ఇంగ్లీషువారు వర్తకస్థానం పెట్టింది 1611లో. తెలుగు మాట ఏదీ వారికి దొరకలేదా అంటే దొరికింది. మన పందికొక్కు బ్యాండికూట్ అయింది. తొమ్మిది అక్షరాలు గనుక మన లెక్కలోకి రాదు. ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లలను మోసే ఒక జాతి జంతువులకు కూడా అదే పేరు పెట్టారు. ధాన్యాగారాలకు కన్నాలు వేసే దానికి ఇంత కీర్తి!

పలక మీద ఆట

అయిదక్షరాల మాటలతో వర్డిల్ అనే ఆట ఒకటి ఫోనుల్లో ఉన్నది. అమెరికాలో ఉంటున్న జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన సహచరి పలక్ షా కోసం తయారుచేసి, 2021లో అందరికీ ఇచ్చాడు. మరుసటి జనవరిలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనేసింది. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు సుమారు 12 వేలు ఉంటే, జనానికి తెలిసినవి ఏరి 2,500 దాకా తగ్గించింది ఆమేనట. దొరలకైనా అన్నీ రావు మరి.

దీనికి ఫోనే కానక్కరలేదు, పలక చాలు. ఒకరు ఒక మాట మనసులో అనుకోవాలి. రెండోవారు ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం సరైన చోట ఉంటే దాని చుట్టూ సున్న చుట్టాలి, మాటలో ఉండి చోటు తప్పితే కింద గీత గీయాలి, లేకపోతే కొట్టివేయాలి. అనుకొన్న మాట గన్నీ అయి, పిల్లవాడు క్యాండీ రాశాడనుకోండి. మూడో చోట ఎన్‌కు, చివర వైకి సున్నలు పడతాయి. మిగిలిన మూడూ కొట్టివేత. అక్కడి నుంచి ఫన్నీ, సన్నీ, పెన్నీ ఏది రాసినా దగ్గరికి వచ్చినట్లే. ఎన్ రెండుసార్లు వస్తుందని తట్టడానికే కాస్త ఎక్కువసేపు పడుతుంది.