మీకు తెలుసా? అత్తరు కూడా తులాల్లోనే!

గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి పోతుంటే ముక్కు మూసుకుంటాం కదా! అసలు ఆ ఘాటుకు వాసనే లేదు! అవునండీ! మిరపలోని క్యాప్సైసిన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే మేలుకునే నరాలు ఉంటాయి. వాటినే ఇదీ తట్టి లేపుతుంది. మనకు తెలిసేది వాసన కాదు, మంట! ముక్కుకు అసలైన విందు కావాలా? సముద్రం ఒడ్డుకు పోదాం పదండి!

చినగంజాం దగ్గర మోటుపల్లి. ఇవాళ చిన్న పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం! ఏ సరుకుకు ఎంత సుంకమో అందులో పట్టీ ఉంది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, జవ్వాది... వాటి సరసనే పన్నీరు! పెళ్లిలో మన మీద చిలకరించే గులాబీ నీరు! అంతేనా? అదే పట్టీలో ముత్యాలు, పగడాలు! పరిమళమూ నగా ఒకే రేవులో దిగాయి, ఒకే రాతికి ఎక్కాయి. ఈ నేల మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన రాయి ఇదే!

ఇంకా వినండి! అంతకుముందు తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు మొత్తం లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు! ఎగుమతైనా దిగుమతైనా 30 వంతుల్లో ఒక వంతు సుంకం కట్టాలి. మిగిలిందంతా వర్తకుడిదే! పన్నీటి బుడ్లు తెచ్చినవాడికి ఎంత ధైర్యం వచ్చుంటుందో!

మరి ఆ పరిమళాల మోజు ఎంతదాకా పోయింది? కొండవీడు దాకా! కుమారగిరి రెడ్డి 1386లో గద్దెనెక్కాడు. ఆయన బిరుదు కర్పూర వసంతరాయలు! వసంతోత్సవాల్లో అంత కర్పూరం వెదజల్లించాడన్నమాట! ఆ సుగంధాలు తెచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఎవరికో తెలుసా? ఈ శెట్టిగారికే!

బంగారం తులాల్లో కొంటాం. అత్తరు? అదీ తులాల్లోనే! పాత తులం 11.66 గ్రాములు. నగల కొట్లోనూ అత్తరు కొట్లోనూ ఒకటే మాట!

తులాల్లో ఎందుకు తూచరు మరి! ఒక్క కిలో గులాబీ నూనె తీయాలంటే సుమారు 4,000 కిలోల రేకులు కావాలి! అవీ తెల్లవారుజామున కోసినవి. ఎండెక్కిందా, వాసన గాలికి పోయినట్టే!

ఆ నూనెలో డమాసెనోన్ అని ఒక పదార్థం ఉంది. ఉండేది 0.14 శాతమే! కానీ ముక్కుకు అందే గులాబీతనంలో పెద్ద వాటా దానిదే! సున్నితమైన పరిమళం అంటే ఇదీ!

తాతయ్య చెవి మడతలో దూది ఉండ గుర్తుందా? శనగగింజంత! అత్తరు సాయిబు పుల్లకు దూది చుట్టి, సీసాలో ముంచి, ముందు ముంజేతి మీద రాసేవాడు. తర్వాత చిన్న ఉండ చేసి చెవిలో దోపేవాడు. 1 చుక్క చాలు, పొద్దుగూకేదాకా గుబాళింపే! గులాబీ ఎక్కడిదైనా, దాన్ని పట్టి ఉంచింది పత్తి! మన నల్లరేగడి పండించే పత్తి!

పరిమళమూ నగా మళ్లీ ఎక్కడ కలిశాయో తెలుసా? ప్యారిస్‌లో! అక్కడి నగల వర్తకులు బూషెరాన్ 1988లో ఒక సెంటు తెచ్చారు. సీసా ఎలా ఉంటుందో తెలుసా? అచ్చం ఉంగరంలా! మూత చూస్తే నీలం రాయి పొదిగినట్టే!

నీలం అన్నాను కదా, ఇది కూడా వినేయండి! మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. 45.52 క్యారెట్లు! పగలు చూస్తే ముదురు నీలం. దాని మీద అతినీలలోహిత కాంతి వేసి, చటుక్కున దీపం ఆర్పితే? చీకట్లో కొన్ని క్షణాలు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది! అది గులాబీ ఎరుపా, పండుమిరప ఎరుపా, మీరే చెప్పాలి!