గొట్టంలో ఉప్పు

విజయదశమికి తిరుపతిలోనూ చిత్తూరులోనూ పోలీసులు తుపాకులన్నిటినీ బయటికి తీస్తారు. 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అని వాళ్లు పిలుచుకునే ఆయుధాగారంలో వాటిని తుడిచి, వరుసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి ఆయుధపూజ చేస్తారు. ఆ పండుగ అయిన కొద్ది రోజులకే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారింది ఆ కాలంలోనే. గాలి నిండా తేమ ఉండే ఆ మూడు నెలల్లో రైఫిల్ గొట్టం లోపల ఏం జరుగుతుందన్నది ఒక మంచి రసాయన శాస్త్ర పాఠం. ఆ పాఠం మనిషికి అర్థం కావడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఎన్నో తుపాకులు లోపలి నుంచి తుప్పు పట్టి పాడయ్యాయి.

ఈ కథ చెప్పడానికి 'త్రీ నాట్ త్రీ'ని మించిన తుపాకీ లేదు. మన పోలీసు స్టేషన్ల ముందు సెంట్రీ భుజాన దశాబ్దాల పాటు కనిపించింది అదే. అసలు పేరు లీ–ఎన్‌ఫీల్డ్. గొట్టం లోపలి వ్యాసం .303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. దాని గొట్టంలోని గాడుల చరిత్రా, పిడిలో దాచిన చిన్న సామగ్రీ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: తూటా పేలాక గొట్టంలో మిగిలేదాన్ని ఏం చేయాలి?

పాత తుపాకీ మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. అది కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. కొంత పొగలో కలిసి బయటికి పోతుంది, మిగతాది గొట్టం గోడలకు మసిగా అంటుకుంటుంది. మూతి వైపు నుంచి గుండు దింపే తుపాకీలో నాలుగైదు సార్లు కాల్చేసరికి ఆ మసి గట్టిపడి, తరువాతి గుండు లోపలికి దిగడమే కష్టమయ్యేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితానికి కొవ్వు పూసింది అందుకే: మసిని మెత్తగా ఉంచడానికి, గుండు సాఫీగా దిగడానికి. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట సిపాయిల్లో పాకి 1857 తిరుగుబాటుకు నిప్పు అంటించింది. మన దేశ చరిత్రను మలుపు తిప్పిన ఆ కొవ్వు తుపాకీ గొట్టంలోని మసి కోసం పూసినదని పాఠ్యపుస్తకాలు కూడా పిల్లలకు చెప్తే బాగుంటుంది.

ఆ తరువాతి ముప్పై ఏళ్లలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. స్కాట్లండులో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ 1879లో, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు కింద అమరే తూటాల పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. గొట్టం లోపలి గాడులను విలియం మెట్‌ఫర్డ్ అనే ఇంగ్లిషు ఇంజనీరు రూపొందించాడు. ఏడు గాడులు, లోతు తక్కువ, అంచులు గుండ్రం. మూలలు ఉంటే మసి చేరుతుంది, మూల లేకపోతే తుడవడం తేలిక. ఇద్దరి పేర్లూ కలిసి 1888లో లీ–మెట్‌ఫర్డ్ వచ్చింది.

అది వచ్చిన కొన్నేళ్లకే తూటాలోని మందు మారిపోయింది. ఫ్రాన్సులో పాల్ వియెయ్ 1884లో పొగలేని మందు తయారు చేశాడు. బ్రిటిష్ వాళ్లకు ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవర్ 1889లో కార్డైట్‌ను ఇచ్చారు. నైట్రోగ్లిజరిన్ 58 పాళ్లు, గన్‌కాటన్ 37 పాళ్లు, వాజలీన్ 5 పాళ్లు. దీని జ్వాల వేడికి మెట్‌ఫర్డ్ మలిచిన సున్నితమైన గాడులు త్వరత్వరగా అరిగిపోయాయి. 1895లో వాటి స్థానంలో లోతైన, నిలువు అంచులున్న ఐదు గాడులు వచ్చాయి. అదే లీ–ఎన్‌ఫీల్డ్. బెంగాల్లోని ఇషాపూర్ కర్మాగారం ఈ రైఫిల్‌ను మన గడ్డ మీదే తయారు చేసింది. కార్డైట్ కోసం నీలగిరుల్లో, అరువంకాడులో, 1904లో కర్మాగారం వెలిసింది.

పొగలేని మందుతో గొట్టం తళతళలాడుతూ కనిపించేది. మసి లేదు, దుర్వాసన లేదు. పాత మందు రోజుల్లో మసి పోవాలంటే నీళ్లు పోసి కడగక తప్పేది కాదు. ఇప్పుడు నూనె గుడ్డతో ఒకసారి లాగితే చాలనిపించింది. సైనికులు అలాగే చేశారు. మర్నాడు చూస్తే గొట్టంలో ఎర్రటి పొర. మళ్లీ తుడిచి నూనె పూస్తే, రెండో రోజు మళ్లీ అదే. ఇనుము రంధ్రాల్లోకి దూరిన వాయువులు మెల్లగా బయటికి వస్తున్నాయని, గొట్టం 'చెమట పోస్తోంద'ని అప్పటి నిపుణులు నమ్మారు. కాల్చిన తరువాత వరుసగా మూడు నాలుగు రోజులు తుడవాలన్న నియమం ఆ నమ్మకం నుంచి వచ్చింది.

నిజం తూటా అడుగున ఉండే చిన్న క్యాప్‌లో ఉంది. సూది తగలగానే మొదట అంటుకునేది అదే. అందులో దెబ్బకే పేలే ఫల్మినేట్‌తో పాటు పొటాషియం క్లోరేట్ ఉండేది. అది ఆక్సిజన్‌ను వదిలేశాక మిగిలేది పొటాషియం క్లోరైడ్. మనం వంటలో వాడే ఉప్పుకు అది సొంత తోబుట్టువు. అమెరికా గనుల శాఖలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ దీన్ని పరీక్షించి 1922లో ప్రకటించాడు. గొట్టాన్ని తినేసేది ఆ ఉప్పే, దానికి తోడు గాలిలోని తేమ. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే, గాలిలో తేమ 84 శాతం దాటితే పొటాషియం క్లోరైడ్ తనంతట తానే నీటిని లాగి ద్రవంగా మారుతుంది. అంతకన్నా తక్కువ తేమలోనూ అది ఊరుకోదు, తుప్పు పట్టడం కాస్త నిదానిస్తుందంతే. నవంబరు తెల్లవారుజామున తిరుపతిలో ఆ 84 శాతం అరుదైన సంగతేమీ కాదు.

నూనెలో ఉప్పు కరగదు. నూనె పూస్తే ఉప్పు దాని కింద భద్రంగా కూర్చుంటుంది. కరిగించేది నీళ్లే. పాత తుపాకీ మందు రోజుల్లో సిపాయి మసి కోసం నీళ్లు పోసినప్పుడు తనకు తెలియకుండానే ఉప్పునూ కడిగేశాడు. కొత్త మందుతో గొట్టం శుభ్రంగా కనిపించి మోసం చేసింది. కంటికి కనిపించే మసి కన్నా కనిపించని ఉప్పే ప్రమాదకరమని గ్రహించడమే ఈ శాస్త్రం మొత్తానికి కీలకం. అందుకే దీని గురించి ఇంత చెప్తున్నాను.

బ్రిటిష్ సైన్యం ఈ కారణం తెలియక ముందే సరైన విరుగుడు కనిపెట్టింది: మరిగే నీళ్లు. గరాటా పెట్టి, తూటా కూర్చునే చాంబర్ వైపు నుంచి మూతి వైపుకు ఐదారు పింట్లు, అంటే సుమారు మూడు లీటర్లు పోయమని నియమావళి చెప్పేది. నీళ్లు ఉప్పును కరిగించి తీసుకుపోతాయి, వాటి వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోతుంది.

ఇక పని వరుస. పత్రికల్లో 'తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి' అన్న వార్త మనం చదువుతూనే ఉంటాం. కాబట్టి గుడ్డ ముట్టుకోక ముందే తూటాల పెట్టె తీసేయాలి, బోల్టు తెరవాలి, చాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఆ తరువాత బోల్టు బయటికి తీయాలి. లీ రూపొందించిన బోల్టుకు తాళం వేసే కొమ్ములు వెనక వైపు ఉంటాయి, దానివల్ల చాంబర్ శుభ్రం చేయడం తేలిక. త్రీ నాట్ త్రీ పిడి అడుగున ఇత్తడి మూత తెరిస్తే చిన్న నూనె సీసా, 'పుల్‌త్రూ' తాడు కనిపిస్తాయి. తాడు చివరి ఇత్తడి బరువును చాంబర్ వైపు నుంచి జారవిడిస్తే మూతి నుంచి బయటికి వస్తుంది. తాడుకు మూడు ఉచ్చులు. ఒకటి ఇనుప జాలీకి, ఒకటి 'చిందీ' అని సిపాయిలూ కేడెట్లూ పిలిచే గుడ్డముక్కకు, మూడోది గుడ్డ లోపల ఇరుక్కుంటే వెనక్కు లాగడానికి. చిందీ కొలత నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. నూనె పూసేటప్పుడు వెడల్పు కాస్త తగ్గిస్తారు.

లాగేటప్పుడు తాడు తిన్నగా, ఒకే ఊపున రావాలి. మూతి అంచుకు రాసుకుంటూ వంకరగా లాగితే తాడే ఇనుమును కోస్తుంది. అలా మూతి ఒక పక్కకు అరిగిన రైఫిల్ గురి తప్పుతుంది. ఇనుప జాలీని ఎక్కువగా వాడి గాడులనే అరగదీసిన రైఫిళ్లూ ఉన్నాయి. తుప్పు ఎంత చెడ్డదో, అతి శుభ్రత కూడా అంతే చెడ్డది.

నీళ్లు పోశాక పొడి చిందీతో ఆరబెట్టి, పల్చగా నూనె పూయాలి. బోల్టు ముందు భాగాన్ని మరచిపోవద్దు, క్యాప్ ఉప్పు అక్కడికీ చేరుతుంది. రెండో రోజు, మూడో రోజు తెల్ల గుడ్డతో ఒకసారి లాగి చూడటం మంచి తనిఖీ. గుడ్డ మీద ఎర్ర మరక వస్తే మొదటి రోజు నీళ్లు చాలలేదని అర్థం.

నూనె విషయంలో మన ఊళ్లలో ఒక పొరపాటు ఉంది. చిత్తూరు వేరుశనగ పండే నేల, ఇంట్లో గానుగ నూనె చేతికందుతుంది కాబట్టి అదే పూసేవాళ్లున్నారు. వంటనూనె గాలి తగిలి జిగురుగా మారుతుంది, బోల్టు బిగుసుకుపోతుంది. కిరోసిన్ మురికిని కరిగిస్తుంది గానీ నిలిచే పొరను ఇవ్వదు. ఇనుముకు ఖనిజ నూనె కావాలి. గాలికి గట్టిపడే అవిసె నూనె మాత్రం కర్ర పిడికి బాగా పనికొస్తుంది. ఇనుముకు చేటు చేసే గుణమే కర్రకు రక్షణ.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, తూటాను బట్టి మారుతుంది. అమెరికాలో రెమింగ్టన్ 1926లో క్లోరేట్ లేని 'క్లీన్‌బోర్' క్యాప్‌ను తెచ్చింది, జర్మనీలో 1928లో 'సినాక్సిడ్' వచ్చింది. ఉప్పు లేని ఇలాంటి తూటా కాల్చితే మరిగే నీళ్లు అక్కరలేదు. అదే రోజు చిందీతో తుడిచి నూనె పూస్తే సరిపోతుంది. పాత సైనిక నిల్వల్లోని .303 తూటా కాల్చితే మాత్రం ఆ సాయంత్రమే నీళ్లు పడాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. తూటా ఏ రకమో తెలియకపోతే ఉప్పు ఉందనే అనుకోవాలి.

తిరుపతిలో ఎన్‌సీసీ గ్రూపు కేంద్రం ఉంది. ఇక్కడి కళాశాలల పిల్లలు మొదట పట్టుకునేది పాయింట్ 22 రైఫిల్. సన్నటి సీసపు బుల్లెట్, దాని మీద మైనం పూత, కొద్దిపాటి మందు. దాని గొట్టంలో మిగిలేది సీసమూ మైనమూ, ప్రతిసారీ ఇనుప జాలీ పెట్టి గీకితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. పిల్లలకు బారెల్ తుడవడం నేర్పేటప్పుడు ఎందుకు తుడుస్తున్నారో కూడా చెప్తే కెమిస్ట్రీ పాఠం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది. కళ్యాణి డ్యాం దగ్గర పోలీసు శిక్షణ కళాశాలలో కొత్తగా చేరిన వాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇప్పటి ఏకే రైఫిళ్ల గొట్టానికి లోపల క్రోమియం పూత ఉంటుంది, తుప్పు భయం తక్కువ. కానీ వాయువుతో నడిచే పిస్టన్ మీద మసి పేరుకుంటుంది, దాన్ని తుడవకపోతే తుపాకీ తడబడుతుంది.

కాల్చని తుపాకీని కూడా వదిలేయకూడదు. బ్యాంకు గార్డు దగ్గర ఉండే డబుల్ బ్యారెల్ ఏళ్ల తరబడి పేలకపోవచ్చు. అయినా చేతి చెమటలో ఉప్పుంది, రోజంతా పట్టుకునే చోట అది ఇనుముకు అంటుకుంటూనే ఉంటుంది. నెలకోసారి, వానాకాలంలో వారానికోసారి నూనె గుడ్డ తగలాలి.

మన పల్లెల్లో పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్న రైతులకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎన్నికల కోడ్ రాగానే తుపాకీని స్టేషన్‌లో అప్పజెప్పాలి, తిరిగి చేతికొచ్చేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పజెప్పే ముందు రోజు గొట్టంలో, బోల్టుకు, బయటి ఇనుముకంతటికీ మామూలు కన్నా కాస్త దళసరిగా నూనె పూయాలి. తడి పీల్చే గుడ్డ సంచిలోనో, తోలు తొడుగులోనో పెట్టి ఇవ్వకూడదు, వాటిలో చేరిన తేమ ఇనుమును వదలదు. తిరిగి తెచ్చుకున్నాక తూటా పెట్టే ముందు గొట్టంలోని నూనెనంతా పొడి చిందీతో లాగేయాలి. నూనె నిండిన గొట్టంలో మొదటి బుల్లెట్ గురి తప్పుతుంది, చాంబర్‌లో నూనె ఎక్కువైతే బోల్టు మీద ఒత్తిడి పెరుగుతుంది.