వారంటుకు కాలదోషం లేదు: బెంగళూరు కోర్టులలో దానిని రద్దు చేయించుకొనే మార్గం

హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు, హోసూరు ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం బెంగళూరుకు వెళ్ళి వచ్చే తెలుగువారు అసంఖ్యాకంగా ఉన్నారు. మేస్త్రీ పని, డ్రైవరు ఉద్యోగం, కూరగాయల వ్యాపారం, చీటీలు, చేబదుళ్ళు మొదలైన వ్యవహారాలలో ఎక్కడో ఒకచోట కోర్టు కేసు తగులుకొనటం అరుదైన విషయం కాదు. అయితే కేసు కంటె ఎక్కువగా కుటుంబాలను కుంగదీసేది వాయిదాకు హాజరు కానందువల్ల వెలువడే వారంటు. అద్దె ఇల్లు మారటం వల్ల సమన్లు అందకపోవచ్చు. ఒకరోజు కూలి పోతుందని వాయిదా మానివేసి ఉండవచ్చు. కారణం ఏదైనా, వారంటు వచ్చినదని తెలిసిన తరువాత చాలామంది చేసే పని ఒక్కటే. ఊరు మారి, ఫోను నంబరు మార్చి, కొన్నేళ్ళు గడిస్తే వ్యవహారం దానంతట అదే చల్లబడుతుందని ఎదురుచూస్తారు.

ఈ నమ్మకానికి చట్టంలో ఆధారం లేదు. కోర్టు జారీ చేసిన అరెస్టు వారంటు, ఆ కోర్టే రద్దు చేసే వరకు గాని, పోలీసులు అమలు జరిపే వరకు గాని సజీవంగానే ఉంటుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 70వ సెక్షను ఈ మాట చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72వ సెక్షను కూడా ఇదే చెబుతున్నది. పదేళ్ళు గడిచినా వారంటుకు కాలదోషం పట్టదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిననాడు అది అడ్డుపడవచ్చు. కోర్టు వారంటు అమలులో ఉన్న వ్యక్తికి పాస్‌పోర్టు నిరాకరించే అధికారాన్ని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇచ్చింది.

వారంటులో రకాలు

వారంటులు రెండు విధాలు. బెయిలబుల్ వారంటు మీద ఎంత మొత్తానికి, ఎంతమంది జామీనుతో విడిచిపెట్టవచ్చునో కోర్టు వ్రాసి ఉంటుంది. ఆ ప్రకారం బాండు వ్రాసి ఇచ్చిన వ్యక్తిని పోలీసులు విడిచిపెట్టవలసిందే. నాన్ బెయిలబుల్ వారంటు అయితే అరెస్టు చేసి కోర్టు ముందు హాజరు పరచవలసి ఉంటుంది. ఇక్కడ ఒక భ్రమ తొలగించుకొనటం అవసరం. నేరం బెయిలుకు అర్హమైనదే అయినా, మళ్ళీ మళ్ళీ గైర్హాజరైతే నాన్ బెయిలబుల్ వారంటు రావచ్చు. చెక్కు కేసులే ఇందుకు ఉదాహరణ.

2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక క్రమాన్ని సూచించింది. సాధారణంగా మొదట సమన్లు, తరువాత బెయిలబుల్ వారంటు, అప్పటికీ కావాలని తప్పించుకొంటున్నట్లు తోచితేనే నాన్ బెయిలబుల్ వారంటు జారీ చేయాలన్నది దాని సారాంశం. సమన్లు అసలు చేరనేలేదని చూపగలిగిన వ్యక్తికి ఈ తీర్పు బలమైన ఆధారం.

మన ఊరి మనిషికి బెంగళూరులో కేసు ఎందుకు?

హిందూపురంలోని బ్యాంకు చెక్కు ఇచ్చిన వ్యక్తి మీద బెంగళూరులో కేసు నడవటం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. చెక్కు ఇచ్చిన వారి బ్యాంకు ఉన్నచోటనే కేసు వేయాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2015లో చట్టాన్ని సవరించి, చెక్కును ఖాతాలో జమ చేసిన వారి బ్యాంకు శాఖ ఉన్నచోట కేసు వేయాలని మార్చారు. అందువల్ల అప్పు ఇచ్చిన ఆసామి బెంగళూరు వాడైతే సరిహద్దు ఇవతలివారు నగరపు కోర్టు మెట్లు ఎక్కక తప్పటం లేదు.

మొదట చేయవలసినది

కేసు నంబరు, ఏ కోర్టు, తదుపరి వాయిదా ఎప్పుడు అన్న మూడు వివరాలు ముందుగా తెలియాలి. సమన్లు కన్నడంలో ఉంటే ఆ భాష తెలిసిన వారిచేత పూర్తిగా చదివించుకొనటం మంచిది. కాగితం పోయినా చింత లేదు. ఈ-కోర్టుల వెబ్‌సైటులోను, మొబైల్ యాప్‌లోను పక్షాల పేరుతో గాని, కేసు నంబరుతో గాని, పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతో గాని కేసు స్థితిని ఉచితంగా చూడవచ్చు. నగరంలో మేజిస్ట్రేటు కోర్టులు ప్రధానంగా నృపతుంగ రోడ్డులోను, మరికొన్ని మేయో హాలు ఆవరణలోను ఉన్నాయి. ఆనేకల్, దేవనహళ్ళి వంటి తాలూకా కేంద్రాలలో వేరే కోర్టులు ఉన్నాయి.

తరువాతి మెట్టు న్యాయవాదిని నియమించుకొనటం. వకాల్తా మీద సంతకం తీసుకొని, వారంటును రద్దు చేయమని కోరుతూ న్యాయవాది అర్జీ దాఖలు చేస్తారు. కోర్టు భాషలో దీనిని ‘వారంటు రీకాల్’ అంటారు. ఎందుకు రాలేకపోయినదీ అందులో నిజాయితీగా చెప్పాలి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మరణ ధ్రువపత్రం, ఇల్లు మారినట్లు ఆధారం వంటివి జతపరిస్తే అర్జీకి బలం చేకూరుతుంది. ముద్దాయి స్వయంగా ఉదయమే కోర్టులో ఉండటం ఉత్తమం. పట్టుబడి వచ్చిన వ్యక్తికి, తానుగా నడిచి వచ్చిన వ్యక్తికి మధ్య ఉన్న తేడాను ఏ న్యాయాధికారి అయినా గమనిస్తారు.

భయం కొద్దీ రాలేనివారికి కూడా ఒక వెసులుబాటు ఉన్నది. సతేందర్ కుమార్ అంతిల్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఆదేశంలోను, 2022 జూలై తీర్పులోను దీనిని స్పష్టం చేసింది. ఏడేళ్ళకు మించని శిక్ష గల సాధారణ నేరాలలో, దర్యాప్తు సమయంలో అరెస్టు కాకుండా సహకరించిన వ్యక్తి, వారంటు అమలు కాకముందే అర్జీ పెట్టి, వచ్చే వాయిదాకు స్వయంగా వస్తానని హామీ ఇస్తే, అతడు ఎదుట లేకపోయినా వారంటును రద్దు చేయవచ్చు. లేదా బెయిలబుల్ వారంటుగా మార్చవచ్చు. ‘అమలు కాకముందే’ అన్న మాటలోనే ఈ వెసులుబాటు విలువ అంతా ఉన్నది.

అర్జీ పెట్టినంత మాత్రాన వారంటు రద్దవుతుందన్న హామీ మాత్రం లేదు. కోర్టు ఖర్చులు కట్టమనవచ్చు. పాత బాండు మొత్తాన్ని జప్తు చేసి కొత్త జామీను అడగవచ్చు. గైర్హాజరీ మరీ దీర్ఘమైతే కస్టడీకి పంపవచ్చు. అప్పుడు బెయిలు అర్జీ వేయాలి. క్రింది కోర్టు నిరాకరిస్తే సెషన్సు కోర్టును గాని, హైకోర్టును గాని ఆశ్రయించే మార్గాలు ఉన్నాయి. భార్యాబిడ్డల మనోవర్తి బాకీ మీద వచ్చిన వారంటు సంగతి వేరు. అక్కడ హాజరు మాత్రమే చాలదు. బాకీ చెల్లింపు గురించి కూడా కోర్టుకు సమాధానం చెప్పవలసి ఉంటుంది.

స్థానిక జామీను చిక్కు

పరాయి రాష్ట్రం వారికి అసలు కష్టం జామీనుదారుతోనే వస్తుంది. బెంగళూరులో ఆస్తి ఉన్న మనిషిని కూలివాడు ఎక్కడ నుండి తేగలడు? 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ ప్రశ్ననే వేశారు. మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో దూరప్రాంతంలో కేసులో చిక్కుకొంటే అక్కడ ఆస్తి గల జామీనుదారుని ఎలా తేగలడని అడిగి, మరొక జిల్లా వాడన్న కారణంతో జామీనును తిరస్కరించరాదని తీర్పునిచ్చారు. స్థానిక జామీను కోసం పట్టుబట్టటం విడుదల ఆలస్యానికి ఒక కారణమని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ గుర్తు చేసింది. సొంత జిల్లా బంధువును ఆస్తి పత్రాలతో తీసుకొనివెళ్ళే వ్యక్తి తరపున న్యాయవాది ఈ తీర్పులను కోర్టు దృష్టికి తేవచ్చు. డబ్బు పుచ్చుకొని జామీనులు సమకూర్చే దళారుల జోలికి పోతే మరొక నేరంలో చిక్కుకొనే ప్రమాదం ఉన్నది.

డబ్బు లేనివారికి

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకొనలేనివారికి 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టం అండగా ఉన్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, కర్మాగార కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. కర్ణాటక రాష్ట్ర న్యాయసేవా ప్రాధికారం కార్యాలయం బెంగళూరు హెచ్. సిద్దయ్య రోడ్డులోని ‘న్యాయ దేగుల’ భవనంలో ఉన్నది. దేగుల అంటే కన్నడంలో గుడి. జాతీయ సంస్థ నంబరు 15100కు ఉచితంగా ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు.

పోలీసులు ముందుగా వస్తే

వారంటు చూపమని అడిగే హక్కు ప్రతి పౌరునికి ఉన్నది. సరిహద్దు దాటి ఇవతల అరెస్టు చేస్తే, సాధారణంగా స్థానిక మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. నేరం బెయిలుకు అర్హమైనదై, జామీను సిద్ధంగా ఉంటే ఆయనే బెయిలు ఇచ్చి బాండును బెంగళూరు కోర్టుకు పంపుతారు. ప్రయాణ కాలం మినహా ఇరవై నాలుగు గంటలు మించి ఆలస్యం జరగరాదు. వారంటును రద్దు చేసే అధికారం పోలీసు స్టేషనుకు లేదు. కనుక ‘స్టేషనులోనే మాఫీ చేయిస్తాము’ అని డబ్బు అడిగేవారి మాట నమ్మదగినది కాదు.

రద్దయిన తరువాత

ముంబయిలో వారంటు రద్దయిన తరువాత కూడా 2002లో ఒక న్యాయవాదిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసులో 2011లో సుప్రీంకోర్టు, వారంటుల జారీని, రద్దును రిజిష్టరులో నమోదు చేయాలని, రద్దు సమాచారాన్ని పోలీసులకు వెంటనే అందజేయాలని నిర్దేశించింది. చట్టం తెలిసిన న్యాయవాదికే ఆ పరిస్థితి ఎదురైతే సామాన్యుని మాట చెప్పనక్కరలేదు. రద్దు ఉత్తర్వు ధ్రువీకృత నకలు తీసుకొని ఒక ప్రతి దగ్గర ఉంచుకొనటం, సంబంధిత స్టేషనుకు సమాచారం చేరినదో లేదో విచారించటం తప్పనిసరి.

వారంటు రద్దుతో కేసు ముగియదు. ఆపై ప్రతి వాయిదాకు వెళ్ళాలి. వెళ్ళలేని రోజున ముందుగానే న్యాయవాది ద్వారా హాజరు మినహాయింపు కోరాలి. చెక్కు కేసులను ఏ దశలోనైనా రాజీ చేసుకొనవచ్చు గనుక లోక్ అదాలతును వినియోగించుకొనటం మేలు. దాగి ఉన్నంతకాలం వ్యవహారం ప్రకటిత నేరస్థుడన్న ముద్ర వరకు, ఆస్తి జప్తు వరకు కూడా పోవచ్చు. కూలి పోతుందని మానివేసిన ఒక్క వాయిదా అంత దూరం తీసుకొనిపోకముందే, న్యాయవాదిని వెంటబెట్టుకొని కోర్టు ముందుకు వెళ్ళటం ఇంటిల్లిపాదికీ క్షేమం.