పెరటి పుంజు: తూకం తేలేది తొలి ఆరు వారాల్లోనే

పెట్ట కింద పన్నెండు గుడ్లు పొదగేస్తే ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికొస్తాయి. వాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. కోళ్లలో తల్లిని బట్టి ఉంటుంది. పుంజుకు రెండూ జడ్ క్రోమోజోములే, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. పది పెట్టలకు ఒక పుంజు చాలు, మిగిలినవన్నీ కూరకే. గుడ్ల కోసమే కోళ్లను పెంచే పెద్ద పరిశ్రమకు మగపిల్లలు పనికిరావు, చాలా దేశాల్లో పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. ఖమ్మం జిల్లా కారేపల్లి చుట్టుపక్కల లంబాడా తండాల్లో, కోయగూడేల్లో మాత్రం పుంజుకు ఎప్పుడూ విలువే. సీత్లా పండుగకు అదే, కొత్తల పండుగకు అదే, చుట్టమొచ్చినా అదే. చేతిలో డబ్బు ఆడనప్పుడు సంతకు వెళ్లేదీ అదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది జాతి గురించి. నాటువి మంచివా, వనరాజావా? రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. వీటిలో మాంసానికి పేరున్నది వనరాజా. మేపు సరిగా పడితే మూడున్నర, నాలుగు నెలల్లో పుంజు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. అదే తూకానికి నాటుపుంజుకు ఆరేడు నెలలైనా పడుతుంది. అయితే నాటుపెట్ట తన పిల్లలను తానే పొదిగి, రెక్కల కింద దాచి, గద్ద నీడ పడితే అరిచి కాపాడుకుంటుంది. వనరాజా పిల్లలు హేచరీ నుంచి అట్టపెట్టెలో వస్తాయి. వాటికి తల్లి లేదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే, జాతి పేరు కాదు.

పుట్టిన పిల్లకు ఒంటి మీద నూగు తప్ప ఈకలుండవు, తన వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారం దానికి 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. తల్లి లేని పిల్లలకు రేకుతోనో తడికతోనో గుండ్రంగా కట్టి, కింద రెండంగుళాల మందాన ఊక పోసి, పైన బల్బు వేలాడదీస్తే సరిపోతుంది. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందే ఒకదానిమీదొకటి ఎక్కి కీచుమంటుంటే చలి. తడిక అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి. అంతటా చెదిరి తింటూ, కొన్ని కాళ్లు చాపి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి కరెంటు పోయినప్పుడు గుంపుగా ఒక మూలకు చేరి, అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. తండాల్లో కరెంటు తీరు తెలిసిన వాళ్లు బొగ్గుల కుంపటి సిద్ధంగా పెట్టుకోవాలి, పొగ రాకుండా, గాలి ఆడేలా చూసుకోవాలి.

ఊక తడిస్తే కాక్సిడియా క్రిములు పెరిగి రక్తపారుడు మొదలవుతుంది. వానాకాలం పురుగులు బాగా దొరుకుతాయి కాబట్టి పిల్లలకు మంచి కాలమే అనిపిస్తుంది, ఈ తడి వల్ల అదే ప్రమాదకరమైన కాలం కూడా. ఆరు వారాలు దాటాకే పెరట్లోకి వదలాలి. ఆ వయసుకు నూకలు, తవుడు మాత్రమే పెడితే కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. కండకు మాంసకృత్తులు కావాలి, అందుకే పల్లిచెక్క కలపాలి. పాత కుండలో గడ్డీ పేడా కుక్కి, తడిపి, పుట్ట దగ్గర బోర్లిస్తే మర్నాటికి చెదలు పడతాయి. పిల్లలకు అంతకన్నా చవకైన మాంసకృత్తులు లేవు.

ఇంత చేసినా కొక్కెర తెగులు వస్తే గూడు ఖాళీ. 1920ల్లో ఉత్తరాది కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించడంతో మన దేశంలో ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. పచ్చటి పారుడు, గురక, మెడ మెలిక. మందు లేదు, టీకా ఒక్కటే దిక్కు. మొదటి వారంలో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, నాలుగో వారంలో మళ్లీ వేయాలి. ఎనిమిది, పది వారాల మధ్య ఆర్2బీ సూదిని రెక్క దగ్గర చర్మం కింద వేయాలి. ఆర్2బీని చిన్నపిల్లలకు వేయకూడదు, ఆ టీకాతోనే వాటికి జబ్బు చేస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. సీసాలో వందకో అంతకన్నా ఎక్కువ కోళ్లకో సరిపడే టీకా ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో ఉంచాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటీ దాన్ని తెచ్చుకోలేదు. తండా మొత్తం ఒకే రోజు, ఉదయం కోళ్లను వదలకముందే వేయించుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, ఊరంతటికీ రక్షణా ఉంటుంది.

పుంజును ఎప్పుడు కోయాలి? రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూడండి. కత్తి అంచులా తగిలితే ఇంకా కండ పట్టలేదు. రెండు వైపులా కండ నిండి ఎముక లోపలికి పోయినట్టుంటే సిద్ధం. అక్కడి నుంచి ఎదుగుదల మందగిస్తుంది, తిన్న గింజకు తగ్గ తూకం రాదు. వయసు పెరిగేకొద్దీ కండలోని కొలాజెన్ పోగుల మధ్య బంధాలు గట్టిపడతాయి. ఏడాది దాటిన పుంజు కూర సన్నని మంట మీద చాలాసేపు ఉడకాల్సింది ఇందుకే. అప్పుడు ఆ కొలాజెనే కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తుంది.

సంక్రాంతికి మంచి ధర పలుకుతుందని ముందుగా అమ్మేది గుంపులో అన్నింటికన్నా వేగంగా ఎదిగిన పుంజునే. వెనకబడ్డది మిగిలి, వచ్చే ఏడు పిల్లలకు తండ్రవుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఊరి నాటుకోళ్లు చిన్నబోతాయి. నాటువి పెంచేవాళ్లు ఆ పెద్దపుంజు కాలికి గుడ్డపీలిక కట్టి పక్కన పెట్టాలి, తన కూతుళ్లతోనే జతకట్టకుండా రెండేళ్లకోసారి దాన్ని వేరే తండా వాళ్ల పుంజుతో మార్చుకోవాలి.