బాలురకు శాకుంతలము

నాటకము దృశ్యకావ్యము. చూచుటకై పుట్టినదానిని మన పాఠశాలలయందు ప్రతిపదార్థములతోను, సంధులతోను, సమాసములతోను మొదలిడుచున్నారు. నాయిక యెవరో, ఆమెకు కష్టమేల వచ్చినదో యెఱుగకమునుపే బాలుడు విగ్రహవాక్యమును వల్లించుచున్నాడు. పరీక్ష ముగిసిన మఱునాడే పుస్తకము అటకెక్కును. ఆపైని వాడు నాటకమును చేతబట్టకున్న తప్పెవరిది?

మేము వ్యాకరణమునకు విరోధులము కాము. ముందు కథ చెప్పి, ఆ కథలో బాలురకు నోరిచ్చి, పిమ్మట గ్రంథము తెఱువుడని మా మనవి.

శాకుంతలమునే తీసికొందము. నాలుగవ యంకారంభమున దుర్వాసుడు శపించును. పరధ్యానముననున్న శకుంతల వినలేదు; చెలికత్తెలు వినిరి. ప్రియంవద పోయి బ్రతిమాలగా, గుర్తుసొమ్ము చూపిన శాపము తీఱునని ముని సెలవిచ్చెను. సుకుమారి తాళజాలదని అనసూయాప్రియంవద లా మాట దాచిరి. కథ చెప్పు నుపాధ్యాయు డిచ్చట నాగవలెను. "మీరైనచో చెప్పుదురా, దాతురా?" అని యడుగవలెను. తరగతి రెండు పక్షములగును. చెప్పిన బెంగతో క్రుంగునని కొందఱు, చెప్పకున్న ఉంగరమును భద్రపఱచుకొనదని కొందఱు. తగవు తీఱకుండగనే కథను శచీతీర్థమునకును, అటనుండి దుష్యంతుని కొలువునకును నడపవలెను. వ్రేలికి ఉంగరము లేదని శకుంతల కనుగొను క్షణమున, దాచుడన్న పిల్లల మొగములు చూడుడు! అప్పుడు ఐదవ యంకము చదివించినచో సమాసము లడ్డురావు.

భారతమున ఈ శాపమును లేదు, ఉంగరమును లేదు. అందు శకుంతల రాజును నిండుసభలో నిలదీయును. అశరీరవాణి సాక్ష్యము పలుకును. కాళిదాసు కథ నేల మార్చెనో బాలుర నడుగవచ్చును. నాయకునకు నింద తప్పించుటకని పెద్దలందురు. భారతశకుంతలయే మేలని బాలికలన్నచో మాకు ఆశ్చర్యము లేదు.

ఆఱవ యంకమునందలి జాలరిఘట్టము మఱియు రుచికరము. చేప కడుపున ఉంగరము దొరకిన పాపమునకు భటులు వానిని కొట్టి తెత్తురు. రాజు బహుమానమీయగా అందు సగము వారికే ముట్టును. పిమ్మట అందఱును కలిసి కల్లంగడికి నడతురు. దీనికి వ్యాఖ్యానమేల? కవి జాలరిచే సంస్కృతము పలికింపలేదు, ప్రాకృతము పలికించెను. కావున ఆ వేషము కట్టు బాలుని తన యూరిమాటలనే పలుకనిండు, దిద్దవలదు.

ఇది మనకు క్రొత్త పద్ధతియు గాదు. బుఱ్ఱకథలో వంతలు నడుమ నడుమ ప్రశ్నింతురు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు రామాయణమునకే అడ్డువత్తురు. శాకుంతలమును తెనిగించిన వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున తమ శిష్యులచేతనే నాటకము లాడించిరి.

తెరలు, కిరీటములు వలదు. వారమునకొక గంటయు, కథ చెప్పనేర్చిన యొక యుపాధ్యాయుడును చాలును. అట్టివాని తరగతిలో గోల హెచ్చినదని మందలింపవచ్చు ప్రధానోపాధ్యాయులు దయచేసి లోపలికే విచ్చేసి, ఒక మూల కూర్చుండి, చెలికత్తెలు శాపమును దాచుట తగునో తగదో తామును చెప్పుదురుగాక.