జపాను అడవి చెర్రీలు - జాతిలక్షణ నిర్ణయము

చెర్రీ తెలుగువారికి పరిచిత వృక్షము కాదు. వైద్యగ్రంథములందలి పద్మకము హిమాలయములందు పెరుగు అడవి చెర్రీయే యైనను, మనకు దాని ఎండుచెక్కతోనే గాని చెట్టుతో పరిచయము లేదు. ఔషధగుణమును బట్టి చెట్టును గుర్తించు పద్ధతి వేఱు. అవయవ లక్షణములను బట్టి జాతిని నిర్ణయించు పద్ధతి వేఱు. ఈ రెండవ దాని క్లేశము జపాను కొండచెర్రీల విషయమున స్పష్టముగా గోచరించును.

జపాను నగరవీథులలో పూయు ‘సొమేయి యొషినో’ సంకరము. దానిని అంటుకట్టి పెంచుదురు గనుక చెట్టునకును చెట్టునకును భేదము లేదు. అడవి చెర్రీల స్థితి అట్లు కాదు. అవి తమ పుప్పొడితో తాము ఫలింపవు. వేఱొక చెట్టు పుప్పొడి కావలయును. అందుచే మొలచిన ప్రతి మొక్కయు కొంత క్రొత్తరూపమే. ఒక చెట్టు లేతచిగురు ఎఱుపు, ఒకదానిది గోధుమవన్నె, వేఱొకదానిది పచ్చన. మూడును ‘యమజకురా’ అను ఒకే జాతిలోనివి కావచ్చును. మియోషి మనబు 1916లో జర్మను భాషలో ప్రకటించిన గ్రంథమున ఇట్టి రూపభేదముల నెన్నింటినో వివరించెను. భేదమున కెల్ల పేరు పెట్టినచో జాతులకు అంతముండదు. అన్నింటిని ఉపేక్షించినచో నిజమైన జాతియే మఱుగుపడును.

కావున నిలుకడగల లక్షణ మేది యనునదే ప్రశ్న. వన్నె నమ్మదగినది కాదు. పైగా ఎండబెట్టిన మచ్చుకొమ్మలో అది మాసిపోవును. యమజకురా ఆకు అడుగుభాగము తెల్లగా పాలిపోయి యుండును. కాడలకు సాధారణముగా నూగుండదు. ‘కసుమిజకురా’కు పూకాడలయందును ఆకుకాడలయందును నూగుండును, ఆకు అడుగు లేతపచ్చగా మెఱయును. కాని నూగులేని కసుమిజకురాలును కలవు! నూగు నొక్కదానినే నమ్మినవాడు అచ్చట మోసపోవును. ‘ఒయమజకురా’ పూగుత్తికి ఉమ్మడికాడ దాదాపు లేనందున పూలన్నియు ఒక్కచోటనే పుట్టినట్లు కనబడును; మొగ్గపొలుసులు జిగటగా నుండును. ఇజు దీవుల ‘ఒషిమజకురా’ ఆకు అంచునందలి పండ్లు సూదివలె సాగియుండును. ‘ఎదొహిగన్’ను గుర్తించుట సులభము. దాని రక్షకపత్రముల క్రింది గొట్టము అడుగున ఉబ్బి, మెడయొద్ద నొక్కుకొని, చిన్నకూజావలె నుండును.

తాళపత్రప్రతులను పరిష్కరించువారు ఒక్క పాఠభేదమును బట్టి ప్రతుల కుటుంబమును నిర్ణయింపరు. ఇచ్చటను అంతే, లక్షణములు గుంపుగా కలిసివచ్చుచున్నవా యని చూడవలెను. మఱియొక చిక్కు కలదు. పూలు వచ్చునప్పటికి ఆకు ముదరదు, ఆకు ముదిరినప్పటికి పూలుండవు. గుర్తుకట్టిన అదే చెట్టునొద్దకు రెండుమార్లు పోక తప్పదు.

ఈ ఓర్పు వ్యర్థము కాదనుటకు కీయి ద్వీపకల్పము సాక్షి. అచ్చటి కొండలలో ముందుగా పూయు చెర్రీని ప్రజలు ఎఱుగకపోలేదు. యమజకురా రూపభేదముగా మాత్రమే ఎంచిరి. దాని ఆకులు చిన్నవి. యమజకురా పూయకముందే అది పూయును. పూతకాలములు వేఱగుటచే రెండింటి పుప్పొడి కలయుట అరుదగును. భేదము నిలుచుటకు ఇదియొక కారణము. 2018లో కత్సుకి తోషియో దీనిని ‘కుమనోజకురా’ అను ప్రత్యేకజాతిగా ప్రకటించెను. అంతవఱకు పేరులేని కారణమున దానిని ప్రత్యేకముగా కాపాడవలెనను ఆలోచనయే పుట్టలేదు. సమీపమున నాటిన సొమేయి యొషినో పుప్పొడి దానితో కలయు భయము నేడు చర్చకు వచ్చినది.